బస్తా అడుగున ఉమ్మెత్త: అనంతపురం ల్యాబు నుంచి ఒక పందెపు గుర్రం కేసు

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఉలవల వ్యాపారి ఒకాయన మా ల్యాబుకు వచ్చారు. కళ్యాణదుర్గం వైపు మనిషి, అరవై దాటిన వయసు. చేతిలో రెండు గుడ్డ సంచులు, జేబులో నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం. ఆ ఉత్తరాన్ని అప్పటికే ముగ్గురితో చదివించుకున్నారట. నాతో నాలుగోసారి చదివించుకున్నారు.

దక్షిణాదిలోని ఒక రేసు కోర్సులో గెలిచిన గుర్రం మూత్రంలో స్కోపోలమైన్, అట్రోపిన్ అనే రెండు పదార్థాలు కనబడ్డాయి. విచారణ మొదలైంది. తాము ఏ మందూ ఇవ్వలేదని, వస్తే దాణాలోనే వచ్చి ఉండాలని ట్రైనర్ జవాబు రాశారు. ఆ లాయంలో దాణా అంటే ముఖ్యంగా ఉడికించిన ఉలవలు. ఆ ఉలవలు ఈ పెద్దాయన పంపినవి.

“ముప్పై ఏండ్ల నుంచి గుర్రాలకు ఉలవలు తోలుతాండా సార్. మా ఉలవల్లోకి మందు యాడ నుంచి వస్తాది? మీరు మిషన్లో పెట్టి ఏమీ లేదని రాసిస్తే సాలు.”

ఏమీ లేదని దాదాపు రాసిచ్చేశాను. రిపోర్టు టైపు కూడా అయింది, సంతకం ఒక్కటే మిగిలింది. ఆ సంతకం ఎందుకు ఆగిందో, ఆ తర్వాత ఏం బయటపడిందో పూసగుచ్చినట్టు రాస్తున్నాను. దాణా పండించే రైతుకూ, అమ్మే వ్యాపారికీ, మాలాగా పరీక్షించేవాళ్ళకూ ఇందులో పనికొచ్చేది ఉందని నా నమ్మకం.

ముందు మా పరిధి చెప్పాలి. నేను పద్నాలుగేళ్ళు హైదరాబాదులో, మనుషుల రక్తంలో మందు ఎంత మిగిలిందో కొలిచే ల్యాబుల్లో మాస్ స్పెక్ట్రోమీటర్ల ముందు కూర్చున్నవాణ్ణి. ఆరేళ్ళ కిందట సొంత జిల్లాకు తిరిగొచ్చి, వేరుశనగ ఎగుమతిదారులకు అఫ్లటాక్సిన్ (బూజు విషం) పరీక్షలు చేసే చిన్న ల్యాబులో చేరాను. యూరప్‌లో నేరుగా తినడానికి వెళ్ళే వేరుశనగలో బి1 రకం అఫ్లటాక్సిన్ కిలోకు 2 మైక్రోగ్రాములు దాటకూడదు. అంత చిన్న మోతాదు పట్టుకోవాలి కాబట్టే అనంతపురంలో మా దగ్గర ట్రిపుల్ క్వాడ్రపోల్ అనే రకం మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంది. గుర్రాల డోపింగ్ పరీక్ష మా పని కానే కాదు. దానికి గుర్తింపు ఉన్న ల్యాబులు వేరే ఉన్నాయి. మన దేశంలో ఢిల్లీలోని నేషనల్ డోప్ టెస్టింగ్ ల్యాబొరేటరీ గుర్రాల నమూనాలు కూడా చూస్తుంది. పందెం అయ్యాక గుర్రం మూత్రం పట్టి, ‘ఎ’, ‘బి’ అని రెండుగా పంచి, గుర్రం తరఫు మనిషి ఎదుటే సీలు వేస్తారు. ‘ఎ’లో ఏదైనా దొరికితే, కావాలన్నవారికి ‘బి’ తెరిచి చూసే హక్కు ఉంటుంది. ఆ సీసాల జోలికి మేం పోలేం, పోకూడదు కూడా. మా చేతికి వచ్చేది ఉలవలు మాత్రమే.

మాస్ స్పెక్ట్రోమీటర్ ఎలా పనిచేస్తుందో తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. అణువుకు విద్యుదావేశం ఇచ్చి, బరువును బట్టి ఏరే యంత్రం అది. అట్రోపిన్ అణువుకు ఒక ప్రోటాన్ తగిలితే దాని బరువు 290. యంత్రంలో మొదటి భాగం 290 ఉన్నవాటినే లోపలికి వదులుతుంది. మధ్య గదిలో అవి వాయువును ఢీకొని పగులుతాయి. అట్రోపిన్ పగిలితే 124, 93 బరువులున్న ముక్కలు ముఖ్యంగా వస్తాయి. స్కోపోలమైన్ బరువు 304, దాని ముక్కలు 138, 156. చివరి భాగం ఆ ముక్కలనే లెక్కపెడుతుంది. మొదటి బరువు సరిపోవాలి, రెండు ముక్కలూ రావాలి, వాటి నిష్పత్తి శుద్ధమైన ప్రామాణిక పదార్థంతో కలవాలి, పదార్థాలను ముందుగా విడదీసే గొట్టం, అంటే కాలమ్‌లోంచి బయటికొచ్చే సమయం కూడా కలవాలి. ఇన్నీ కలిశాక వేరే పదార్థాన్ని చూసి పొరబడే అవకాశం దాదాపు ఉండదు. అందుకే మూత్రంలో ఆ రెండూ ఉన్నాయన్న అధికారిక ఫలితాన్ని నేను శంకించలేదు. అవి గుర్రంలోకి ఎలా వెళ్ళాయన్నది మాత్రం యంత్రం గీతలో లేచే ఏ శిఖరమూ, అంటే ఏ పీకూ చెప్పదు.

ఎలా వెళ్ళి ఉండవచ్చో కాగితం మీద రాసుకున్నాను. గుర్రం కంట్లో వాపు వస్తే పశువైద్యులు పాప విప్పారడానికి అట్రోపిన్ వేస్తారు. ఆ దారిన వస్తే అట్రోపిన్ ఒక్కటే కనబడాలి, స్కోపోలమైన్ రాకూడదు. కడుపు శూలకు ఇచ్చే బస్కోపాన్‌లో ఉండేది బ్యుటైల్ స్కోపోలమైన్. దాని బరువు 360, పీక్ వేరు, పైగా అట్రోపిన్ ఎందుకుందో అది చెప్పలేదు. ఇక సైసుల, అంటే గుర్రాలను చూసుకునే పనివాళ్ళ, నాటువైద్యం. ఉమ్మెత్తాకుకు నూనె రాసి, వెచ్చచేసి కీళ్ళ వాపు మీద కట్టడం మన ఇళ్ళలో తెలిసిందే. గుర్రం మోకాలికి అలా కట్టారేమోనని సైసును ఫోన్లో అడిగాను. అతనిది హిందూపురం దగ్గర పల్లె. “లేదు సార్, రేసు గుర్రానికి మేము ఆకు కూడా తాకనియ్యం” అన్నాడు. నిజమే చెబుతున్నాడని అనిపించింది, కానీ అనిపించడం రిపోర్టులోకి ఎక్కదు. మిగిలింది దాణా.

ఈ రెండు పదార్థాలూ కలిసి కనబడితే ముందుగా తలవాల్సింది మొక్కనే. ఉమ్మెత్త ఆకులో, పువ్వులో, గింజలో రెండూ ఉంటాయి. ఇది ఎక్కడా జరగని వింత కాదు. 2018లో అమెరికాలో శాంటా అనీటా డెర్బీ పందెం గెలిచిన జస్టిఫై అనే గుర్రంలో స్కోపోలమైన్ దొరికింది. ఆ ఏడాదే అది అక్కడి మూడు పెద్ద పందేల ట్రిపుల్ క్రౌన్ కూడా గెలిచింది. ఉమ్మెత్త జాతి కలుపు మొక్క మేతలో కలవడమే కారణమని అక్కడి రేసింగ్ బోర్డు కేసు వదిలేసింది. సంగతి 2019లో పత్రికకెక్కాక ఆ వివాదం కోర్టుల దాకా వెళ్ళి ఏళ్ళ తరబడి నలిగింది.

దాణాలో సహజంగా వచ్చేవాటిని రేసింగ్ నియమాలు పట్టించుకోవని కాదు. లూసర్న్ మేతలో సాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది కనుక, మూత్రంలో మిల్లీలీటరుకు 750 మైక్రోగ్రాముల దాకా తప్పు పట్టరు. కోకో పొట్టు నుంచి వచ్చే థియోబ్రోమిన్‌కు 2 మైక్రోగ్రాముల హద్దు ఉంది. ఉమ్మెత్త ఆల్కలాయిడ్లకూ (అట్రోపిన్, స్కోపోలమైన్ లాంటి మొక్క విషాలు) అంతర్జాతీయ గుర్రపు పందేల సమాఖ్య హద్దులు పెట్టింది. ఈ గుర్రం ఆ హద్దు దాటింది. ఎంత దాటిందన్న అంకె విచారణ కాగితాల్లోది, దాన్ని ఇక్కడ రాయను.

మొదటి పరీక్ష, నా తప్పు

పెద్దాయన తెచ్చిన సంచుల్లో కిలో చొప్పున ఉలవలున్నాయి. గోడౌన్‌లో మిగిలిన బస్తాలు విప్పి పైనుంచి తీసినవి. మా కుర్రాడు ఒక్కో సంచిలోంచి ఐదు గ్రాములు తూచి, పొడి చేసి, ఫార్మిక్ ఆమ్లం కలిపిన మెథనాల్ నీళ్ళలో కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, వడగట్టి యంత్రానికి ఎక్కించాడు. పని శుభ్రంగా చేశాడు. కావాలని అట్రోపిన్, స్కోపోలమైన్ కలిపిన ఉలవ పొడిలో పీకులు చక్కగా వచ్చాయి. పెద్దాయన ఉలవల్లో గీత అడ్డంగా, చదునుగా పోయింది. సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి, “ఏమీ కనబడలేదు, రేపు రిపోర్టు తీసుకుపోండి” అని చెప్పాను.

రాత్రి వేరే పని మీద ఒక వేరుశనగ లాట్ కాగితాలు చూస్తున్నాను. అందులో నమూనా బరువు దగ్గర 20 కిలోలు అని ఉంది. అది చూసి చెయ్యి ఆగిపోయింది. అఫ్లటాక్సిన్ బూజు లాట్ అంతా సమంగా పట్టదు. వేలల్లో ఒక కాయకు పట్టి, ఆ ఒక్కటే మొత్తం లాట్‌ను చెడగొడుతుంది. అందుకే లాట్‌లో చాలాచోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి 20 కిలోలు చేసి, అదంతా నూరి, అప్పుడు కొంచెం తీస్తాం. ఆరేళ్ళుగా రోజూ చేస్తున్న పని అది. ఉలవల దగ్గరికొచ్చేసరికి ఐదు గ్రాములు తీసి ఊరుకున్నాను.

లెక్క వేశాను. వెయ్యి ఉలవలు సుమారు 30 గ్రాములు తూగుతాయి. ఐదు గ్రాములంటే నూట అరవై, నూట డెబ్బై గింజలు. రెండు కిలోల్లో పది ఉమ్మెత్త గింజలు ఉన్నాయనుకున్నా, ఒక్కో సంచిలోంచి తీసిన ఐదు గ్రాముల్లో ఒకటి పడే అవకాశం నూటికి రెండున్నర పాళ్ళు. అంటే ఉమ్మెత్త ఉన్న ఉలవలనే నూరుసార్లు పరీక్షిస్తే తొంభై ఏడుసార్లు ‘లేదు’ అని నమ్మకంగా రాసిస్తాను. యంత్రం నానోగ్రాములను పట్టుకున్నా, గింజ దాని నోటికి చేరకపోతే అదేం చేస్తుంది? యూరప్‌లో పశువుల దాణాలో ఉమ్మెత్త గింజలు కిలోకు 1000 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని నియమం. అది పశువు ఆరోగ్యం కోసం పెట్టిన హద్దు. రేసు గుర్రానికి అంతకంటే తక్కువున్నా గండం కావచ్చు.

పొద్దున్నే ఫోన్ చేశాను. “పెద్దాయనా, రిపోర్టు ఇప్పుడు ఇవ్వను. మళ్ళీ చూడాలి.”

“నిన్న లేదంటిరి కద సార్?”

“చూసింది చాలదు. నేను సరిగ్గా చూడలేదు.”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ పూట విచారణకు ఆ కాగితం పంపించాలని కొడుకును బస్టాండులో నిలబెట్టి ఉన్నారని తర్వాత తెలిసింది. ఇప్పటికీ గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది.

రెండోసారి

ఈసారి నమూనాలు నేనే తీసుకున్నాను. పక్కన పెద్దాయన, ట్రైనర్ తరఫు మనిషి, లాయానికి వచ్చే పశువైద్యుడు ఉన్నారు. గోడౌన్‌లో అదే లాట్‌వి నాలుగు బస్తాలు మిగిలాయి. ఒక్కో బస్తాను టార్పాలిన్ పట్టా మీద కుమ్మరించి, పారతో కలిపి, కుప్పను నాలుగు పాళ్ళు చేసి ఎదురెదురు పాళ్ళు ఉంచుకుంటూ, పది కిలోలకు తెచ్చాం. లాయంలో వాడగా మిగిలిన సగం బస్తా ఒకటి దొరికింది, 18 కిలోలు. దాన్ని మొత్తంగా తెచ్చాం. అన్నిటికీ లక్క సీలు, అందరి సంతకాలు.

లాయంలోని బస్తా వారాల తరబడి నోరు తెరిచే ఉంది. మధ్యలో ఎవరైనా ఏదైనా కలిపి ఉండవచ్చని వాదిస్తే కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. రిపోర్టులో ఈ మాటే మొదటి పేజీలో రాశాను. ట్రైనర్ తరఫు మనిషికి అది నచ్చలేదు, చివరి పేజీలో వేయమన్నారు. మార్చలేదు.

యంత్రం కంటే ముందు కళ్ళతో చూడాలని నిర్ణయించాం. పైగదిలో తెల్ల దుప్పట్లు పరిచి, నేనూ, మా కుర్రాడూ, ఊడ్చే అమ్మా కూర్చుని నాలుగు రోజులు ఏరాం. ఉలవ, ఉమ్మెత్త గింజ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండూ మట్టి రంగే, రెండూ చదునే, సైజూ దగ్గర దగ్గరే. ఉలవ నున్నగా మెరుస్తుంది. ఉమ్మెత్త గింజ గరుకుగా, అంచున గాడితో చిన్న చెవిలా ఉంటుంది. మొదటి రోజు నా కళ్ళకు తేడా తెలియనే లేదు. మా ఊడ్చే అమ్మ గంటలోనే పట్టేసింది. రోజూ బియ్యంలో మట్టిబెడ్డ ఏరే కళ్ళు అవి. చివరికి దొరికిన గింజల్లో సగానికి పైగా ఆమె ఏరినవే.

గోడౌన్ బస్తాల్లో రెండింటిలో ఒక్కటీ లేదు. మూడోదాంట్లో రెండు, నాలుగోదాంట్లో ఐదు. లాయం బస్తాలో 211.

అంకె కంటే ఎక్కువ చెప్పింది అవి దొరికిన చోటు. ఆ 211లో 190 దాకా బస్తా అడుగున ఉన్న మూడు కిలోల్లోనే ఉన్నాయి. వాటితోపాటు గోనె కుట్టులో చిక్కుకుని ఐదు ఎండిన పెచ్చులు దొరికాయి. ముళ్ళున్న పెచ్చులు. ఉమ్మెత్త కాయవి. ఒక్క కాయలో వందల గింజలుంటాయి. అంటే పొలంలో చెదురుమదురుగా గింజలు రాలి కలవడం కాదు. ఎండిన కాయ ఒకటి పూర్తిగా బస్తాలోకి వచ్చి అక్కడే చితికింది. ఒక బస్తాలో కొంప మునిగేంత, దాని పక్క బస్తాలో సున్నా. పైపైన కిలో తీసుకొచ్చిన పెద్దాయన మోసం చేయలేదు, ఆయనకు దొరికింది అదే.

ఇక యంత్రం పని. ఏరిన గింజలు కొన్ని విడిగా నూరాం. శుభ్రమైన ఉలవలను ఖాళీ నమూనాగా పెట్టాం. డ్యుటీరియం (బరువు హైడ్రోజన్)తో చేసిన అట్రోపిన్, స్కోపోలమైన్‌లను ప్రతి నమూనాలో, పోల్చి కొలవడానికి, అంతర్గత ప్రమాణంగా వేశాం. రెండు పీకులూ నిట్టనిలువుగా లేచాయి. సమయాలు, ముక్కల నిష్పత్తులు ప్రామాణికంతో కలిశాయి. స్కోపోలమైన్ అట్రోపిన్‌కు దాదాపు మూడింతలుంది. ఇది ముఖ్యం. ఉమ్మెత్తల్లో కొన్ని జాతుల్లో అట్రోపిన్ వైపుది ఎక్కువ, మన వైపు గట్ల మీద పెరిగేవాటిలో స్కోపోలమైన్ ఎక్కువ. మందుసీసా లోంచి వచ్చిన అట్రోపిన్ అయితే ఇలా స్కోపోలమైన్‌ను వెంటేసుకుని రాదు. 360 దగ్గర కూడా వెతికాం, ఏమీ లేదు. అంటే బస్కోపాన్ చల్లిన బస్తా కాదు.

ఇంకో చిన్న పీక్ నన్ను నిద్రపోనివ్వలేదు. 306 బరువు, 140, 122 ముక్కలు. మొక్క తన లోపల, అట్రోపిన్‌కు సహజ రూపమైన హయోసయమైన్‌ను స్కోపోలమైన్‌గా మార్చుకునేటప్పుడు మధ్యలో అనిసోడమైన్ అనే పదార్థం తయారవుతుంది. ఆ బరువూ ఆ ముక్కలూ దానివే. అది ఉందంటే మొక్క పొయ్యి మీదున్న వంటను మధ్యలో మూత తీసి చూసినట్టే. కానీ మా దగ్గర దాని ప్రామాణిక పదార్థం లేదు. కనుక రిపోర్టులో ‘ఉండవచ్చు’ అనే రాశాను, ఉందని రాయలేదు.

మోతాదు లెక్క కూడా వేసి చూశాను. గింజ బరువులో ఆల్కలాయిడ్లు వెయ్యింట రెండు పాళ్ళకు కొంచెం పైన తేలాయి. 190 గింజలంటే దగ్గర దగ్గర రెండు గ్రాములు, అందులో ఆల్కలాయిడ్లు నాలుగు మిల్లీగ్రాములు. మూడు కిలోలు రెండు రోజుల దాణా అనుకుంటే రోజుకు రెండు మిల్లీగ్రాములు. పదో వంతే మూత్రంలోకి దిగిందనుకుని ఐదు లీటర్లతో భాగించినా మిల్లీలీటరుకు పదుల నానోగ్రాములు వస్తాయి. నేటి యంత్రాలకు అది గుమ్మడికాయంత. పశువైద్యుడికి చూపిస్తే, “ఈ మోతాదుకు గుర్రం పైకి మామూలుగానే ఉంటుంది, తిండి మానదు, ఎవరికీ అనుమానం రాదు” అన్నారు. అయితే ఇదంతా మిగిలిన సగం బస్తా లెక్క. గుర్రం తిన్న సగంలో ఏముందో ఎవరూ కొలవలేరు.

ఉడకబెడితే పోతుందా?

లాయం వాళ్ళ గట్టి వాదన ఇదే. ఉలవలు గంటల తరబడి ఉడుకుతాయి కదా, విషం మిగులుతుందా అని. న్యాయమైన ప్రశ్న. శుభ్రమైన ఉలవలు అర కిలో తీసుకుని, అందులో ఏరిన ఉమ్మెత్త గింజలు లెక్కపెట్టి వేసి, లాయంలో వండినట్టే రెండు గంటలు ఉడికించాం. తర్వాత ఉడికిన గింజలను, ఉలవ గుగ్గిళ్ళను, కట్టును మూడు వేరువేరుగా పరీక్షించాం. పోయినదాని కంటే మిగిలినదే ఎక్కువ. అందులోనూ ఎక్కువ భాగం కట్టులోకి దిగింది. మన ఇళ్ళలో ఉలవచారు చేసేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, ఉలవల సారమంతా కట్టులోనే ఉంటుంది. సైసును అడిగితే చెప్పాడు: “కట్టు పారబోస్తామా సార్? తవుడులో కలిపి గుర్రానికే పెడతాం, బలం.”

ఉడికించడం విషాన్ని తీసేయకపోగా, ఒక గింజలో ఉన్నదాన్ని గంగాళమంతా పంచిపెడుతోంది. పచ్చిగా ఉంటే గుర్రం ఆ గింజను వదిలేసి ఉండేదేమో కూడా. కట్టులో కలిశాక ఏరుకునే వీలుండదు.

ఈ ఫలితం చూశాక గుర్రాల సంగతి కాసేపు పక్కకు పోయింది. ఇవే ఉలవలు మనుషులూ తింటారు. 2019లో ఉగాండాలో సహాయంగా పంచిన పోషకాహార పిండిలో ఇవే ఆల్కలాయిడ్లు కలిసి వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, ఐదుగురు చనిపోయారు. మా ఇంట్లో ఉలవలు ఇప్పుడు రెండుసార్లు చేటకెక్కుతున్నాయి.

కళ్ళం దగ్గర

లాట్ ఎక్కడిదో పెద్దాయన లెక్కల పుస్తకం చూసి పట్టారు. నాలుగు పల్లెల ఉలవలు కలిసిన లాట్ అది. మేం ఒక పల్లెకే వెళ్ళగలిగాం, కాబట్టి ఆ కాయ అక్కడిదేనని అననే అనను. కానీ ఎలా వచ్చి ఉంటుందో అక్కడ అర్థమైంది.

అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగకు వాన తప్పిన ఏడు, సెప్టెంబరు, అక్టోబరులో పడే చినుకులకు రైతు ఉలవ చల్లుతాడు. పెట్టుబడి లేని పంట, కాబట్టి కలుపు తీయడం కూడా ఉండదు. ఉమ్మెత్త పశువు నోరు పెట్టని మొక్క, మేకలు కూడా వదిలేస్తాయి. గట్టు మీద, దిబ్బ పక్కన నిక్షేపంగా పెరుగుతుంది. జనవరిలో ఉలవ తీగలను చేత్తో పీకి కుప్ప వేసేటప్పుడు గట్టువారన ఉన్న ఎండు మొక్క కూడా ఆ చేతిలోకే వస్తుంది. తర్వాత కుప్పను తారు రోడ్డు మీద పరుస్తారు. లారీలూ ట్రాక్టర్లూ తొక్కి కాయలు పగలగొడతాయి. కొన్ని పగలవు.

ఆ ఊళ్ళో ఒక అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. నేను కాగితం పొట్లంలో తీసుకెళ్ళిన గింజలు ఆమె అరచేతిలో పోశాను. కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది.

“ఉమ్మెత్త కదప్పా ఇది. జల్లెడకు ఇది దొరకదు. ఉలవా ఇదీ ఒకే కంతలో దూరతాయి. చేటకు దొరుకుతాది, తేలిక కదా. మా కాలంలో చెరిగిందాకా మూటకు ఎత్తనిస్తాండ్లేదు. ఇప్పుడు చెరిగే వాళ్ళు యాడుండారు? మిషన్ జల్లెడ పట్టి తోలేస్తాండారు.”

ల్యాబుకొచ్చి తూచి చూశాను. నూరు ఉలవలు మూడు గ్రాములు. నూరు ఉమ్మెత్త గింజలు ఒక గ్రాము. అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. పెద్దాయన గోడౌన్‌లో ఉన్నది జల్లెడ యంత్రం, సైజును బట్టి వేరు చేసేది. బరువును బట్టి వేరు చేసేది ఆ దారిలో ఎక్కడా లేదు.

రిపోర్టు ఇచ్చిన రోజు

ఆయన డబ్బులు కట్టి చేయించుకున్న పరీక్ష. ఫలితం ఆయనకే ఎదురు తిరిగింది. రిపోర్టు తెలుగులో చదివి వినిపించాను. ఈ లాట్‌లో ఉమ్మెత్త గింజలున్నాయి, లాయం బస్తాలో కాయ పెచ్చులు కూడా ఉన్నాయి, గుర్రం మూత్రంలో దొరికిన రెండు పదార్థాలూ ఈ గింజల్లో ఉన్నాయి, ఉడికించినా పూర్తిగా పోవు. లాయం బస్తా తెరిచి ఉన్నందున కాయ ఎక్కడ కలిసిందో ఈ పరీక్ష తేల్చదు. గుర్రంలో దొరికినది ఈ దాణా నుంచే వచ్చిందనీ ఈ పరీక్ష తేల్చదు, రావడానికి వీలుందని మాత్రం చెబుతుంది.

వాక్యం వాక్యానికీ ఆగి విన్నారు. చివర్లో ఒకటే అడిగారు. “మొన్న లేదని కాగితం ఇచ్చింటే ఏమయ్యేది సార్?”

“ఎవరైనా బస్తా అడుగు చూసిన రోజు, ఆ కాగితం మీ మెడకూ నా మెడకూ చుట్టుకునేది. అంతకుముందే ఆ ట్రైనర్ మీద మందు పెట్టాడన్న ముద్ర పడేది.”

తల ఊపారు. రిపోర్టు మడిచి అదే జేబులో పెట్టుకున్నారు. విచారణకు దాన్ని ఆయనే పంపారు, ఎవరూ బలవంతం చేయకుండా. తన ఉలవల్లో విషగింజ దొరికిందని చెప్పే కాగితాన్ని తన ఖర్చుతో రిజిస్టర్ పోస్టు చేసిన వ్యాపారిని నేను ఇంకొకరిని చూడలేదు.

గుర్రం గెలుపు రద్దయింది. పందెం రోజున గుర్రం ఒంట్లో పదార్థం ఉండకూడని స్థాయిలో ఉంటే, ఎలా వచ్చిందన్నదానితో పని లేకుండా గెలుపు పోతుంది. మిగతా గుర్రాల వైపు నుంచి చూస్తే అదే న్యాయం. ట్రైనర్ మీద చర్య విషయంలో మాత్రం దాణా వివరణను పరిగణించారని పశువైద్యుడు చెప్పారు. ఆ లాయం ఇప్పుడు ప్రతి బస్తాలోంచి రెండు కిలోలు తీసి, సీలు వేసి, సీజన్ అయిపోయేదాకా దాచిపెడుతోంది. అప్పుడే అలా దాచి ఉంటే నా మొదటి పేజీలో ఆ వాక్యం అవసరమయ్యేది కాదు.

మా పద్ధతిలో రెండు మార్పులు చేశాం. గింజధాన్యం ఏదొచ్చినా ఐదు కిలోలకు తక్కువ తీసుకోవడం లేదు, అందులో రెండు కిలోలు పూర్తిగా నూరాకే ఐదు గ్రాములు తూస్తాం. నూరకముందు తెల్లగుడ్డ మీద పోసి కళ్ళతో చూస్తాం. ఆ చూపు పని మా ఊడ్చే అమ్మది. ఆమె జీతం పెంచాం, హాజరు పుస్తకంలో ఆమె పేరు ఎదుట పని పేరు కూడా మార్చి రాశాం.

పెద్దాయన జల్లెడ యంత్రం పక్కన నలుగురు ఆడవాళ్ళను చేటలతో కూర్చోబెట్టారు. గుర్రాలకు పోయే మూటలు మాత్రం చెరిగాకే కుడతారు. క్వింటాకు ఖర్చు పెరిగింది, లాయాలు కొంత భరిస్తున్నాయి, కొంత ఆయన భరిస్తున్నారు. ఈ ఫిబ్రవరిలో కొత్త పంట మొదటి లాట్ పరీక్షకు తెచ్చారు. సంచులు బల్ల మీద పెట్టి, జేబులోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. విప్పితే తొమ్మిది ఉమ్మెత్త గింజలు, ఒక ముళ్ళ పెచ్చు.

“మూడో మూటలో దొరికినాయి సార్. ఆ మూట పక్కన పెట్టినాం. ఇవి కూడా మిషన్లో పెట్టి, నిజంగా అవేనా కాదా చూసి చెప్పండి.”

అవే.